కొర్రమీను: నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోయే చేప.. బుట్టలో పడితే ఏం జరుగుతుంది?

చేప నీళ్లలో మునిగి చనిపోతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ శామీర్‌పేట పెద్ద చెరువు నుంచి మేడ్చల్ చుట్టుపక్కల కుంటల దాకా అందరికీ తెలిసిన కొర్రమీను విషయంలో ఇది నిజం.

సముద్రంలో ఆక్టోపస్ ఎర పెట్టిన బోనులోకి దూరి, లోపల చిక్కిన ఎండ్రకాయను తినేసి, వచ్చిన దారినే జారుకుంటుంది. ఒంట్లో ఎముకే లేదు కాబట్టి దానికి సన్న సందు చాలు. అయితే ఆక్టోపస్ మంచినీటిలో బతకదు. మన చెరువుల్లో ఎర కోసం బుట్టలోకి దూరే వేటగాడు కొర్రమీను. దీనికి మాత్రం బయటపడటం అంత ఈజీ కాదు.

2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఇచ్చే చేప ప్రసాదంలో వాడేదీ దీని పిల్లనే.

కొర్రమీను ఒడ్డు దగ్గర గడ్డిలో, నాచులో కదలకుండా కాపు కాస్తుంది. కప్పపిల్లో, చిన్న చేపో కదిలిందా.. ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకే గాలానికి బతికున్న ఎర కడతారు. బుట్టలో అయితే ముందే చిక్కిన చిన్న చేపలే దీనికి ఎర అవుతాయి.

అసలు సమస్య ఆ తర్వాతే. పెద్ద కొర్రమీనుకు మొప్పలతో అందే ఆక్సిజన్ సరిపోదు. మొప్పల పైన గాలి నింపుకునే అర ఒకటి ఉంటుంది. కొన్ని నిమిషాలకోసారి పైకొచ్చి గాలి మింగాల్సిందే. ఈ గుణం వల్లే నీళ్లు తగ్గినా తడి బురదలో బతికేస్తుంది. కానీ బుట్ట పూర్తిగా మునిగి ఉంటే పైకి రాలేక, ఊపిరాడక చస్తుంది. బతికున్న కొర్రమీనుకు పలికే ధర చచ్చినదానికి ఎక్కడ వస్తుంది? పొద్దున బుట్ట ఎత్తేసరికి నష్టం జరిగిపోతుంది. ఊపిరికి పైకి రావాల్సిన తాబేళ్లు, నీళ్ల పాములదీ అదే గతి. బుట్ట పైభాగం నీటి పైకి ఉండేలా కట్టెకు కడితే చాలు, ఇవన్నీ బతుకుతాయి.

వానాకాలంలో ఇంకో సంగతి. గుడ్లు పొదిగాక పిల్లలు ఎర్రటి గుంపుగా తిరుగుతాయి. తల్లీతండ్రీ కింద కాపలా ఉంటాయి. అప్పుడు ఆకలి లేకున్నా, గుంపు దగ్గరికి ఏది వచ్చినా కొరుకుతాయి. గాలం వేసేవాళ్లు సరిగ్గా అక్కడే వేస్తారు, వెంటనే పడుతుంది కూడా. కాపలా పోయిన ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. కాబట్టి ఎర్రటి గుంపు కనిపించిన చోట కొన్ని వారాలు గాలం వేయకపోవడమే మంచిది.