చిరునామా సరియైనదేనా?

నరసరావుపేటకు 522601, మాచర్లకు 522426, గురజాలకు 522415. ఈ పిన్‌కోడు పద్ధతి 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చినది. దీనిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి. సంస్కృత కవి కూడ. మొదటి 3 అంకెలు గుంటూరు ప్రాంతమును, చివరి 3 అంకెలు తపాలా కార్యాలయమును తెలుపును. ఎవరైన 5 అంకెలే వ్రాసినచో తప్పని చూచినంతనే చెప్పవచ్చును. నరసరావుపేటకు బదులు గురజాల సంఖ్య వ్రాసినచో? ఆకారము సరియైనదే, ఉత్తరము మాత్రము దారి తప్పును.

ఈ-మెయిలు కథయు ఇట్టిదే. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటరునుండి ప్రక్కనున్న దానికి సందేశము పంపుచు, మనిషి పేరుకు, యంత్రము పేరుకు నడుమ @ గుర్తు నుంచెను. మనుష్యుల పేర్లలో ఆ గుర్తు రాదు గదా!

1982లో జాన్ పోస్టెల్ ప్రకటించిన రవాణా నియమములలో ఒక చక్కని సౌకర్యము కలదు. "ఫలానా వారు మీ వద్ద నున్నారా?" అని ఒక యంత్రము మరొక దానిని అడుగవచ్చును. పోస్టుమాన్ ఊరిలో వాకబు చేయుట వంటిదన్నమాట. ఇంతకంటె తేలిక పరీక్ష ఏమున్నది? కాని పేరు పేరున అడిగి, ఉన్నవారి జాబితా కూర్చుకొని, పనికిరాని ప్రకటనలు కురిపించువారు బయలుదేరిరి. అందుచే చాల యంత్రములు ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుట మానివేసినవి.

ఇక మిగిలినది ఆకారమును పరీక్షించుట. @ ఉన్నదా? చివరి చుక్క తరువాత 3 అక్షరములకు మించినవా? 2001లో 'ఇన్ఫో' అను 4 ఆంగ్లాక్షరముల ముగింపు రాగానే ఈ రెండవ ప్రశ్న చెడినది. @కు ముందు కూడిక గుర్తు నియమబద్ధమే. అయినను దానిని త్రోసిపుచ్చిన దరఖాస్తులు అనేకము. మరి మాచర్ల విద్యార్థి తన చిరునామాలో ఒక అక్షరము జారవిడిచినచో ఆకారము చెడదు, హాల్‌టికెట్టు వార్త మాత్రము చేరదు. కావున ఆ చిరునామాకే ఒక సంకేతము పంపి, అది తిరిగి వచ్చినప్పుడే అంగీకరించు పద్ధతి స్థిరపడినది. రిజిస్టరు ఉత్తరము వెంట వచ్చు అక్నాలెడ్జిమెంటు కార్డు ఈ పనినే చేసెడిది.

2012 నాటి నియమములు @కు ఇరుప్రక్కల తెలుగు లిపిని అనుమతించినవి. '.భారత్' అను తెలుగు ముగింపు కూడ కలదు. ఆంగ్లాక్షరములే ఎరిగిన పాత జల్లెడలు మాత్రము అట్టి చిరునామాను తప్పని వెనుకకు పంపును. నా దృష్టిలో తప్పును రానిచ్చుటకంటె ఇది పెద్ద దోషము. @కు ముందు భాగమునకు 64 బైట్లే పరిమితి. తెలుగులో ప్రతి అక్షరమునకు, ప్రతి గుణింతపు గుర్తునకు 3 బైట్లు పట్టును. 'నరసరావుపేట' అను మాటను విద్యార్థులు లెక్కించి చూడవచ్చును: పలుకునవి 7 అక్షరములు, కంప్యూటరు గుర్తించునవి 10, బైట్లు 30.