సమం, మట్టం, వాటం

తెలుగులో ‘సమం’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. అక్కడ ‘సమ’కు రెండు అర్థాలున్నాయి: ఎగుడుదిగుడు లేనిది, మరొకదానికి సాటి అయినది. దీనికి వ్యతిరేకం విషమం. రోగి పరిస్థితి విషమించిందని చెప్పేటప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు గానీ, సంస్కృతంలో అది ఎత్తుపల్లాల నేలకు వాడే మాట కూడా. ఇంకా వెనక్కి వెళితే, సమకు మూలం ‘ఒకటి’ అనే అర్థమున్న ఇండో-యూరోపియన్ ధాతువు. గ్రీకు ‘హోమోస్’, లాటిన్ ‘సిమిలిస్’, ఇంగ్లిషు ‘సేమ్’ దాని సంతానమే. తెలుగుకు ఆ కుటుంబంతో చుట్టరికం లేదు. అయినా ‘అదీ ఇదీ ఒకటే’ అనే వాడుకలో తెలుగు కూడా ఒకటి నుంచే సాటిని రాబట్టింది.

‘మట్టం’ ద్రావిడ మాట. తమిళ, కన్నడాల్లోనూ ఉంది. తాపీ మేస్త్రీ చేతిలోని రసమట్టంలో, కాలువ గట్టున చెప్పుకొనే నీటిమట్టంలో నేటికీ నిత్యం వినిపిస్తుంది.

కోనసీమలో ఈ మాటలకు పని ఎక్కువ. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలై 1852కు పూర్తయింది. మధ్య డెల్టాకు కాలువ నీరు అందింది. కానీ వైనతేయ పాయకు అవతలున్న రాజోలు వైపు నీరు చేరాలంటే ఏరు దాటాలి. ఏటి నీరు కిందుగా పారుతుంది, వరదొస్తే ఉప్పొంగుతుంది; కాలువను అందులో కలిపితే తెచ్చిన ఎత్తంతా పోతుంది. అందుకే పి.గన్నవరం దగ్గర కాలువనే ఏటి మీదుగా నడిపించారు. 1850ల్లో ఇంజనీరు హేగ్ కట్టించిన ఈ అక్విడెక్టుకు 49 ఖానాలు. కింద నది, పైన తొట్టిలో కాలువ.

ఇక్కడే సమానికి హద్దు తెలుస్తుంది. తొట్టి అడుగు అచ్చంగా సమంగా ఉంటే నీరు సరిగా సాగదు. వాలు ఎక్కువైతే అవతలి పొలాలకు ఎక్కాల్సిన ఎత్తు తగ్గిపోతుంది. కంటికి ఆనని వాలు ఉంచాలి. దాన్నే మేస్త్రీలు వాటం అంటారు. వరి మడిలో సంగతి వేరు: దమ్ము చేశాక చదును సరిగా కుదరకపోతే మిట్టన నాటు ఎండుతుంది, పల్లంలో మునుగుతుంది.

పాత అక్విడెక్టు పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సమీపంలోని లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన ప్రతివారికీ అన్నం పెట్టిన ఆమె 1909లో కన్నుమూశారు.