శిరస్త్రాణములు – తుప్పు – చరిత్ర రక్షణము

చరోదాలో నివసించు మనకు ఇనుము నిత్యపరిచితమైన లోహము. దల్లీ-రాజహరా గనులనుండి వచ్చు ఎఱ్ఱని ముడిఖనిజము భిలాయి కర్మాగారమున ఉక్కుగా మాఱుచున్నది. అచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. ఖనిజములో ప్రాణవాయువుతో కలసియున్న ఇనుమును విడదీయుటయే అందు జరుగు పని. ఆ ఇనుము తేమ తగిలినపుడు మరల ప్రాణవాయువుతో కలసి తుప్పగుచున్నది. తుప్పనగా ఇనుము తన పుట్టింటికి తిరిగి పోవుటయే.

ఉక్కు చేయు విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. నిజామాబాదు మండలములోని కోనసముద్రమున మట్టిమూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కును సిద్ధపఱచుచుండిరి. భూగర్భశాస్త్రజ్ఞుడు వాయ్‌సీ ఆ విధానమును చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో కలకత్తాయందు ప్రకటింపబడెను. పారసీక వర్తకులు ఆ ఉక్కుకై అంత దూరమునుండి వచ్చుచుండిరి. ఐరోపావారు దీనినే ‘ఊట్జ్’ అనిరి. మన ‘ఉక్కు’ శబ్దమే అట్లు మాఱినదని పండితుల అభిప్రాయము. ఇట్టి ఉక్కుతో చేసిన కత్తులపైనను, కొన్ని శిరస్త్రాణములపైనను నీటి అలలవంటి చాఱలు కనబడును.

పూర్వకాలపు ఆయుధములను, కవచములను చూడగోరువారికి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియము చక్కని తావు. మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949), సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూ పండితుడు దీనిని దివాన్ దేవిడిలో ప్రారంభించెను. 1961లో పార్లమెంటు చట్టముచే ఇది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ అయ్యెను. 1968లో మూసీ తీరమున గల నేటి భవనమునకు తరలెను.

మొగలాయి, దక్కను యోధుల శిరస్త్రాణము సాధారణముగా గిన్నెవంటి ఉక్కుటోపీ. ముక్కునకు అడ్డుగా జాఱు పట్టీ, తురాయి గుచ్చుటకు గొట్టములు, మెడను కప్పు ఇనుపకడియాల అల్లిక, లోపల దూది కూర్చిన అస్తరు ఉండును. కొన్నింటిపై బంగారుతీగెను అదిమి పూలు, అక్షరములు తీర్చిన కోఫ్త్‌గరీ పని గలదు. రక్షణలోని చిక్కు ఇందే యున్నది. ఇనుమునకు పొడిగాలి మేలు. అస్తరు మితిమీఱి యెండినచో పెళుసగును. అస్తరు తేమను పీల్చినచో దానిని అంటియున్న ఉక్కు లోపలినుండి తుప్పుపట్టును. కడియముల సందులలో దుమ్ము, తేమ నిలుచును.

గాలిలో తేమ నూటికి 65 పాళ్లు మించినచో తుప్పు వేగముగా పెరుగును. ఉప్పు అంటియున్నచో అంతకంటె తక్కువ తేమయే చాలును. మన వ్రేళ్ల చెమటలో ఉప్పు గలదు. కావుననే రక్షకులు చేతితొడుగులు లేక వీనిని ముట్టరు. అద్దాలపెట్టెలో తేమను పీల్చు సిలికా జెల్ ఉంచుదురు. మెత్తని కుంచెతో దుమ్ము తీసి, వదులైన తుప్పును మాత్రమే భూతద్దముతో చూచుచు మెల్లగా తొలగింతురు. పిమ్మట ఉక్కుపై మైనమును పలుచగా పూసి మెత్తని గుడ్డతో తుడుతురు. కరక్కాయలోని వగరుపదార్థము అన్నభేదితో కలసి నల్లసిరా యగుట పెద్దలెఱుగుదురు. అట్లే టానిక్ ఆమ్లము తుప్పును నిలుకడయైన నల్లని పొరగా మార్చును. అయితే అది ఉపరితలపు వన్నెనే మార్చును గనుక, బంగారుపనియు అలలచాఱలును గల వస్తువులపై దానిని వాడరాదు.

తుప్పంతయు శత్రువు కాదు. నారింజవన్నెతో పెళుసుగా రాలునది ప్రమాదకరము. గోధుమ నలుపుతో గట్టిగా అంటియున్న పొర వస్తువును కాపాడును. ఢిల్లీలోని మెహ్రౌలీ ఇనుపస్తంభము సుమారు 1600 ఏండ్లు నిలుచుటకు, ఇనుములోని భాస్వరము వలన ఏర్పడిన పలుచని పొర ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

పాతవస్తువునకు తుప్పుకంటె ఎక్కువ హాని చేయునది తళతళలపై మోజు. గరుకు కాగితముతోనో, ఇటుకపొడితోనో తోమినచో తుప్పుతోపాటు బంగారుతీగె, అక్షరములు, కత్తివేటు గుర్తులు, కమ్మరి సమ్మెటజాడలు కూడ పోవును. మెఱయు ఇనుము మిగులును గాని, అది ఎవరిదో, ఏ కాలముదో చెప్పు సాక్ష్యము మిగులదు. భిలాయి కొలుములలో క్రొత్త ఉక్కును ఎంతయైనను చేయవచ్చును. ఆ పాతజాడలను మాత్రము ఏ కొలిమియు తిరిగి యీయజాలదు.

మన సభ్యుల స్వగ్రామములలో తాతలనాటి కత్తిగాని, డాలుగాని, శిరస్త్రాణముగాని యున్నచో దానిని తోమక, వంటింటి పొగకును వానచెమ్మకును దూరముగా నుంచి, మ్యూజియము నిపుణుల సలహా పొందుట మంచిది. హైదరాబాదు వెళ్లినపుడు పిల్లలకు ఆ ఆయుధశాలను చూపి, తెలుగునేల చేసిన ఉక్కుకథను చెప్పుట మన కర్తవ్యము.