గుడిబండ రాకుమారుడు, కెమెరాలో పుట్టిన మాయ

మాంత్రికుడు చేయెత్తి మంత్రం చదువుతాడు. తెల్లటి పొగ లేస్తుంది. పొగ విడేసరికి రాకుమారుడు నిలబడ్డ చోట చిలక ఉంటుంది, నేల క్లాసులో ఈలలు మోగుతాయి. ఈ మాయ ఎలా చేస్తారో తెలిస్తే ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. కెమెరాను కదలకుండా బిగిస్తారు. ఆపమనగానే ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకుపోవాలి. రాకుమారుడు ఒక్కడే ఫ్రేములోంచి బయటికి నడుస్తాడు, ఆయన చోట చిలకను పెడతారు, కెమెరా మళ్ళీ తిరుగుతుంది. చిక్కంతా ఆ బిగుసుకుపోవడంలోనే ఉంది. ఈలోగా మాంత్రికుడి చేయి రెండంగుళాలు వాలిందా, తెర మీద అది ఎగిరిపడినట్టు కనిపిస్తుంది. చిలక మాత్రం ఎవరి మాటా వినదు, దానికి మినహాయింపు.

ఆ రాకుమారుడు చాలా సినిమాల్లో మన నల్లగొండ మనిషే. తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. నాటకాల మోజుతో మద్రాసు చేరిన ఆయనకు 1951లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘నిర్దోషి’లో చిన్న వేషం, 1953లో ‘ప్రతిజ్ఞ’లో హీరో వేషం దొరికాయి. ఆ తర్వాత నారదుడు, కృష్ణుడు, లక్ష్మణుడు ఎన్ని వేసినా జనం నోట నిలిచిన పేరు ‘కత్తి’ కాంతారావు. ఆ కత్తికి ఎదురుగా చాలాసార్లు నిలబడింది విలన్ రాజనాల. ఆ కత్తిని తెలుగు పల్లెల్లోకి పంపినవాళ్ళలో మొదట చెప్పుకోవలసింది దర్శకుడు బి. విఠలాచార్యను.

విఠలాచార్య ఉడుపి దగ్గర ఉద్యావర మనిషి. సినిమాలు తీయకముందు అరసికెరెలో టూరింగ్ టాకీస్ నడిపారు. డేరాలో నేల మీద కూర్చున్నవాడు ఎక్కడ ఈల వేస్తాడో, ఎక్కడ బీడీ కోసం బయటికి పోతాడో ఆయనకు అక్కడే తెలిసింది. కాంతారావుతో ఆయన ‘జయవిజయ’ (1959), ‘మదన కామరాజు కథ’ (1962), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) తీశారు. ఖర్చు దగ్గర మహా గట్టి మనిషి. వేసిన సెట్టునే రంగు మార్చి, స్తంభాలు జరిపి, నాలుగు రాజ్యాలకు వాడేవారు. డేట్లివ్వకుండా సతాయించే నటుణ్ణి కథలో ఏ మేకగానో చిలకగానో మార్చేసి షూటింగు కానిచ్చేవారని సినిమావాళ్ళు చెప్పుకునే మాట ఒకటుంది. ఎంతవరకు నిజమో గాని, ఆయన పద్ధతి తెలిసినవాళ్ళకు అది అబద్ధంలా తోచదు.

కెమెరా ఆపి చేసే మాయ అన్నిటికంటే తేలిక. అసలు పని ఒకే ఫిల్మును రెండోసారి వెలుగుకు చూపించడంలో ఉంది. తెర మీద ఒకే మనిషి ఇద్దరుగా కనిపించాలంటే కటకం ముందు నల్లటి అట్ట పెట్టి సగం మూస్తారు. కుడివైపు షాటు తీస్తారు. తర్వాత కెమెరాలోనే ఫిల్మును వెనక్కి చుట్టి, మీటరు చూసి, సరిగ్గా మొదలుపెట్టిన చోటికి తెస్తారు. అట్టను రెండో వైపుకు మార్చి, నటుణ్ణి ఎడమ వైపు నిలబెట్టి మళ్ళీ తీస్తారు. మీటరు లెక్క నాలుగు ఫ్రేములు తప్పినా మాటకు మాట కుదరదు. కెమెరా స్టాండును ఎవరి కాలైనా తాకితే రెండు సగాల మధ్య గీత కనిపిస్తుంది. 1961లో ‘సీతారామ కల్యాణం’లో ఎన్టీఆర్ రావణుడికి పది తలలు ఒకే ఫ్రేములో నిలిపిన కెమెరామన్ రవికాంత్ నగాయిచ్ చేసింది ఈ పనినే, ఇంకా ఎన్నో రెట్లు. ఒక తల తీసేటప్పుడు మిగతా చోటంతా మూసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మరో తల. అన్నీ అయ్యేదాకా ఎన్టీఆర్ కదలకూడదు. చివరి తల దగ్గర తప్పు జరిగితే మళ్ళీ మొదటి తల నుంచే.

కత్తియుద్ధం లెక్క వేరు. మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు తిరిగే కెమెరాను 16కో 18కో తగ్గించి తీస్తే, ప్రొజెక్టరు దాన్ని 24 వేగంతో చూపించేటప్పుడు కత్తులు మెరుపుల్లా కదులుతాయి. నటుడు కొంచెం నిదానంగా, అడుగు తప్పకుండా ఆడాలి. మరీ నిదానిస్తే దెబ్బలో బరువు పోతుంది, తొందరపడితే తెర మీద కోతి గెంతులవుతాయి. కాంతారావు కత్తి పట్టిన తీరును మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మరచిపోతాం. కెమెరామన్ వేగం ఎంత తగ్గించాడో మనసులో పెట్టుకుని దానికి తగ్గట్టు చేయి తిప్పడం కూడా నటనలో భాగమే.

ఇదంతా ఏ పూచీ మీద చేసేవారో ఇవాళ్టి కుర్రాళ్ళను నమ్మించడం కష్టం. సెట్టు మీద టీవీ తెర లేదు. షాటు ఎలా వచ్చిందో కెమెరామన్‌కు కూడా పూర్తిగా తెలియదు. నెగెటివ్ ల్యాబుకు పోయి, కడిగి, ప్రింటు తీసి, రషెస్ వేసుకుని చూశాకే పెద్దవాళ్ళ ముఖాల్లో నవ్వు. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావాలి. దానికి లైసెన్సులూ కోటాలూ ఉండేవి. 1960ల చివర్లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ పని మొదలుపెట్టేదాకా మన దేశంలో సినిమా ఫిల్ము తయారీ అన్నదే లేదు. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకే అయిపోతుంది. మరో టేకు అన్న మాటకు నిర్మాత గుండె గుభేలుమనేది అందుకే. కాబట్టి ఆలోచన అంతా షాటుకు ముందే జరిగేది. కాగితం మీద గీసుకుని, కొలిచి, రిహార్సల్ చేసి, ఆఖరున బటను నొక్కేవారు. నొక్కాక దిద్దుబాటు లేదు.

ఆ రీళ్ళు మన ఊళ్ళకు చేరడం మరో తంతు. సూర్యాపేట, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల టాకీసులకు ప్రింటు రేకు పెట్టెల్లో వచ్చేది. ‘పెట్టె వచ్చిందా?’ అన్నదే ఆ రోజుల్లో విడుదల వార్త. ప్రొజెక్టర్ గదిలో రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట వెలుగుతుంటే, అవి కాలిపోతున్న కొద్దీ ఆపరేటర్ దగ్గరకు జరుపుతూ ఉండాలి. తెర కుడి పై మూలన చిన్న గుండ్రటి చుక్క తళుక్కుమంటుంది. అది రెండో మిషను తిప్పమని గుర్తు. కొద్ది సెకన్లకు మరో చుక్క, అప్పుడు మారాలి. ఆపరేటర్ ఆదమరిస్తే తెర తెల్లబడుతుంది, హాలు మొత్తం ఆయన తల్లిదండ్రులను తలచుకుంటుంది. ఒకే ప్రింటుతో రెండు హాళ్ళు నడిపేటప్పుడు అయిపోయిన రీలును సైకిల్ మీద రెండో హాలుకు తోలేవారు. 2000ల మధ్య నుంచి శాటిలైట్ ద్వారా సినిమా నేరుగా హాల్లోని సర్వర్లోకి దిగడం మొదలైంది. పెట్టె పోయింది, చుక్క పోయింది, ఆపరేటర్ చేతి నైపుణ్యానికి గిరాకీ పోయింది.

ఈ నేల మాయల సినిమాలకే పరిమితం కాలేదు. 1988లో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’కి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అందులో దుస్తులకు వచ్చింది మిర్యాలగూడకు చెందిన పిట్టంపల్లి సుదర్శన్‌కు. ఆ తర్వాత ఆయన ‘దాసి’ సుదర్శన్‌గానే మిగిలారు. దొర గడీలో పనిచేసే దాసి చీర కొత్తగా ఉండకూడదు, అలాగని వేషం కోసం చింపినట్టూ ఉండకూడదు. కొన్నేళ్ళ చాకిరీ ఆ బట్టలో కనిపించాలి. ఇది ఏ కెమెరా చేసిపెట్టే పని కాదు. 1990లో నర్సింగరావే తీసిన ‘మట్టి మనుషులు’ ఊరు విడిచి నగరంలో మట్టిపని చేసుకునే కూలీల కథ. వలసపోయే పాలమూరు లేబర్‌ను ఎరిగిన మన ప్రాంతానికి ఆ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. శ్యామ్ బెనగల్ పోచంపల్లి నేతగాళ్ళ మీద ‘సుస్మన్’ తీస్తే ఓం పురి నేతగాడు రాములుగా మగ్గం ఎక్కారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో నేతకు ఆసు పోసే యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితం 2019లో ‘మల్లేశం’గా వచ్చింది. ఈ సినిమాల గురించి విడిగా రాయాలి. ఇక్కడ ఒక్క మాట చాలు. కాంతారావు సినిమాకైనా సుదర్శన్ సినిమాకైనా కష్టం కెమెరా తిరగకముందే పడాల్సి వచ్చేది.

రంగుల సినిమా మామూలయ్యాక జానపద సినిమాల మోజు తగ్గింది. కాంతారావు సొంతంగా హేమా ఫిలింస్ పేరిట ‘సప్తస్వరాలు’ (1969), ‘గుండెలు తీసిన మొనగాడు’ (1974) లాంటివి తీసి, నష్టపోయి, పొలాలు అమ్ముకున్నారు. ఇది చదివి ఆయనను అమాయకుడనుకోవడం సరికాదు. ప్రింటు ప్రింటుకూ డబ్బు ముందే పెట్టాల్సిన రోజుల్లో, సినిమా పోతే నిర్మాత చేతిలో మిగిలేవి రేకు పెట్టెలే.

ఇక ఇప్పటి సంగతి. గుడిబండ నుంచి కోదాడ చేరి, విజయవాడ రహదారి మీద సూర్యాపేట, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి హైదరాబాద్ వైపు పోతే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. 1996లో మొదలైంది, 1666 ఎకరాలు. ‘బాహుబలి’ (2015)లోని మాహిష్మతి కోటలు లేచింది అక్కడే. ఆ సినిమాను కెమెరామన్ సెంథిల్ కుమార్ ఫిల్ము లేని డిజిటల్ కెమెరాతో తీశారు. ఆకుపచ్చ గుడ్డ ముందు నటుడు ఎదుట లేని శత్రువు మీద కత్తి దూస్తాడు. శత్రువునూ, కోటనూ, ఆకాశాన్నీ తర్వాత నెలల తరబడి కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళు చేరుస్తారు. మనిషి చర్మంలో ఆకుపచ్చ దాదాపు ఉండదు కాబట్టే ఆ గుడ్డ. యంత్రం ఆ రంగున్న చోటును సులువుగా కోసి తీసేస్తుంది.

దీన్ని చూసి పాతదే గొప్పదనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. గాల్లో ఎగిరే సీను తీసుకోండి. అప్పట్లో కెమెరాకు కనబడకూడదని సన్నటి ఉక్కు తీగతో మనిషిని వేలాడదీసేవారు. తెగితే అంతే సంగతులు. ఇప్పుడు బలమైన తాడే కడతారు, తర్వాత కంప్యూటర్లో ఫ్రేము ఫ్రేముకూ దాన్ని చెరిపేస్తారు. అయితే మాయ ఎలా ఉండాలో తేల్చుకోవడం కూడా చెరిపే పనితోపాటే వెనక్కి జరిగింది. సెట్టు మీద తేల్చవలసినది ‘గ్రాఫిక్స్‌లో చూసుకుందాం’గా మారింది. ‘బాహుబలి’ ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు లాంటి పాతతరం మనుషులు ఫిల్మును చేత్తో కోసి అతికించిన రోజులూ చూశారు, కంప్యూటర్నూ చూశారు. అలాంటివాళ్ళు ఉన్నచోట షాటు ముందే ఆలోచించుకోవడం ఇంకా బతికే ఉంది.

కాంతారావు 2009 మార్చి 22న హైదరాబాద్‌లో కన్నుమూశారు. నాలుగు నెలలకు, జూలై 31న, ‘మగధీర’ విడుదలై తెలుగు తెర మీదికి కత్తిని తిరిగి తెచ్చింది, ఈసారి కంప్యూటర్ల సాయంతో. విఠలాచార్య కాలంలో మాయకు సినిమా మొదట్లో ‘ట్రిక్ ఫోటోగ్రఫీ’ అని ఒక వరుస చాలేది. ఇప్పుడు సినిమా చివర్న వందల పేర్లు పైకి పాకుతుంటాయి. వాటిని చదవడానికి హాల్లో ఎవరూ మిగలరు, అప్పటికే బయట బైకులు స్టార్టవుతుంటాయి.