అండమాన్ నేలలో పేలని బాంబులు

1942 మార్చి 23న జపాను సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన నాటి నుంచి 1945 అక్టోబరులో జింఖానా మైదానంలో లొంగుబాటు జరిగే దాకా అండమాన్ నికోబార్ దీవులు యుద్ధపు నీడలోనే గడిపాయి. స్థానికుల చేత వెట్టిచాకిరీ చేయించి జపానువారు లంబా లైన్ వద్ద వేసిన రన్‌వే పైనా, పోర్ట్ బ్లెయిర్ రేవు పరిసరాల పైనా 1944 జూన్ 21న ఇలస్ట్రియస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు దాడి చేయగా, అక్టోబరులో నికోబార్ దీవుల మీదా బాంబులు పడ్డాయి. పడిన ప్రతి బాంబూ పేలదు. ఫ్యూజు, అంటే పేలుడును రగిలించే పరికరం, పనిచేయకపోతే బాంబు మెత్తని మడ నేలలో లోతుకు దిగి ఉండిపోతుంది.

అటువంటి దానిని వెతికే సాధనాల్లో ఒకటైన ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటరును ఆ యుద్ధంలోనే విమానాలకు అమర్చి నీటిలోని జలాంతర్గాములను పసిగట్టేవారు. భూమి అయస్కాంత క్షేత్రంలో ఇనుము కలిగించే స్వల్ప మార్పును అది కొలుస్తుంది. అండమాన్ ప్రాంతంలో ఆ క్షేత్రం సుమారు 40 వేల నానోటెస్లాలు ఉండగా, లోతున ఉన్న బాంబు తెచ్చే తేడా కొద్ది పదులు మాత్రమే కావచ్చు. చిక్కంతా నేలతోనే వస్తుంది. దక్షిణ అండమాన్‌లో పలుచోట్ల పైకి తేలిన ఓఫియోలైట్, అంటే ఒకప్పటి సముద్రగర్భపు శిలల వరుస, మాగ్నెటైట్ ఖనిజాన్ని మోస్తున్నందున అక్కడి బండలే బాంబుల్లా సంకేతాలిస్తాయి. కార్ నికోబార్ పగడపు సున్నపురాయిలో ఆ బెడద దాదాపు లేదు.

అందుకే విద్యుదయస్కాంత ప్రేరణ పద్ధతి అవసరమైంది. తీగచుట్టలో ప్రవాహాన్ని ఉన్నట్టుండి ఆపితే భూమిలోని లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి క్రమంగా చల్లారతాయి. పలుచని రేకులో అవి త్వరగా అణగిపోతాయి, మందపాటి గుండులో ఎక్కువసేపు నిలుస్తాయి. మూడు దిశల్లో ఈ స్పందనను కొలిచినప్పుడు రెండు దిశలు సమానంగా, మూడోది వేరుగా తేలితే, వస్తువు గుండ్రటి పొడవాటి ఆకారంలో ఉందని, అంటే బాంబో ఫిరంగి గుండో కావచ్చని భావిస్తారు. చెదిరిన తునకల్లో ఆ పొందిక సాధారణంగా కనిపించదు. 2007లో అమెరికాలోని అలబామాలో, పాత క్యాంప్ సైబర్ట్ శిబిరంలో 4.2 అంగుళాల మోర్టార్ గుండ్లను తునకల నుంచి వేరుచేసేందుకు ఈ వర్గీకరణను పరీక్షించారు. ఈ విద్య విలువ తవ్వనక్కరలేని గుంతల్లోనే ఉంది: ప్రతి సంకేతాన్నీ తవ్వి చూడటం ఖర్చుతో, ప్రాణాపాయంతో కూడిన పని.

ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న ఆ దీవుల్లో, పాత రన్‌వేల చుట్టూ పునాదులు తీసేముందు 1944 నాటి దాడుల రికార్డులనూ శిలాపటాలనూ కలిపి చదివి, ఆ నేలకు తగిన సాధనంతో సర్వే జరిపించాలి. తుప్పుపట్టినంత మాత్రాన లోపలి పేలుడు పదార్థం చావదు కనుక, అటువంటి గుండు కంటబడినవారు దానిని కదపకుండా దూరంగా వెళ్లి పోలీసులకు తెలియజేయాలి.