పనిగది గోడకు ఏ రంగు?

దసరా సమీపించుసరికి మన ఇండ్లలో ఒక ప్రశ్న తప్పక పుట్టును. ఈ ఏడు గోడలకు ఏ రంగు వేయింతము అని. పడకగదికి, ముందరి వసారాకు ఇది పెద్ద చిక్కు కాదు. ఇంటివారికి నచ్చిన రంగు వేసికొనవచ్చును. మనిషి గంటల తరబడి కూర్చుండి పనిచేయు గది సంగతి వేరు. లెక్కలు వ్రాయు కచేరి గది, పిల్లవాడు చదువుకొను మూల, బట్టలు కుట్టు కొట్టు, మగ్గము నేయు సావడి, ఇట్టి చోట్ల గోడ కూడ పనిలో పాలుపంచుకొనును. వచ్చిన వెలుగును పని మీదికి పంపునదియు అదే, మ్రింగివేయునదియు అదే. మన పెద్దలు ఈ సంగతిని శాస్త్రగ్రంథములు చదివి నేర్చుకొనియుండరు. కాని వారు విడిచిపోయిన గోడలను పరిశీలించినచో వారికి ఇది బాగుగా తెలియుననియే తోచును.

హాలియా మీదుగా నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో పెద్దవూర కలదు. అక్కడినుండి కృష్ణ ఒడ్డు దూరము కాదు. నదికి దిగువగా మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతములలో సున్నపురాయి విస్తారముగా దొరకును. నేడు అక్కడ సిమెంటు కర్మాగారములు నెలకొనియున్నవి. సిమెంటు రాకపూర్వము ఆ రాయియే ఈ సీమవాసులకు గోడ కట్టుటకు సున్నమును, గోడ పూయుటకు రంగును ఇచ్చినది. ఈ ప్రాంతపు గోడల చరిత్రను తెలుపు రంగుతో మొదలుపెట్టుటకు ఇదియే కారణము.

ఈ చరిత్రకు మిక్కిలి పాత సాక్ష్యము కృష్ణలోయలోనే ఉండెను. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి అక్కడ విలసిల్లినది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. లోయ మునిగిపోవుననగా 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు అక్కడ విస్తారముగా త్రవ్వకములు సాగించిరి. వారు వెలికితీసిన బౌద్ధ విహారములలో సామాన్యముగా కనబడు అమరిక ఇది: నడుమ రాతి స్తంభముల మండపము, దాని చుట్టు వరుసగా భిక్షువుల చిన్న గదులు, ఇటుక గోడలు, వానిపై సున్నపు పూత, అక్కడక్కడ లేతవన్నె సున్నపురాతి పలకల నేల. ఆ గదుల వాకిండ్లు లోపలి ముంగిటి వైపునకే తెరచియుండును. ముంగిట పడిన ఎండ ఆ లేతవన్నె రాతిమీదను, తెల్లని పూతమీదను తగిలి గదిలోనికి మరలి వచ్చుననుటకు వేరొక సాక్ష్యము అక్కరలేదు. మధ్యాహ్నవేళ ఎండలో నిలిచిన సున్నపు గోడకు ఎదురుగా చూచిన మన కండ్లే చాలును.

ఈ సున్నమునకు ఇంత మన్నన ఎందువలన కలిగినది? సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినచో దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. మిగిలిన దానిపై నీరు పోయగా బుసబుస పొంగి ఉడికి మెత్తని ముద్ద యగును. దానిని పలుచన చేసి గోడకు పూసిన పిమ్మట, పోయిన వాయువును గాలినుండి మరల పీల్చుకొని మెల్లగా రాయిగా మారును. కనుక సున్నము వేసిన గోడమీద ఉన్నది పలుచని రాతిపొరయే అనవచ్చును. దానిలోని క్షారగుణము బూజును, పురుగులను, రోగక్రిములను చంపును. క్రొత్తగా వేసిన సున్నపు గోడ తనపై పడిన వెలుగులో నూటికి సుమారు 80 పాళ్లు తిరిగి ఇచ్చును. సన్నని కిటికీ ఒక్కటే గల గదికి ఇది ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు. పూత రాలకుండుటకు గంజియో, బంకయో కలుపుదురు. పసుపుచాయ తేలకుండుటకు చిటికెడు నీలిమందు వేయుదురు. సున్నమునకు లోపము లేదని నేను చెప్పను. ఆనుకొన్నచో బట్టకు అంటుకొనును, ఏటేటా మరల వేయవలసి వచ్చును.

తెలంగాణపు పాత ఇండ్లలో తెలుపునకు తోడుగా మరియొక రంగు కలదు. గోడ అడుగున మూరెడు, రెండు మూరల ఎత్తున జాజు పట్టీ దిద్దుదురు. అరుగు అంచులకును అదే. జాజు ఇనుపఖనిజము కలిసిన ఎర్రమన్ను. ఇది అలంకారముకొరకే అని పలువురు తలంతురు. వానచినుకులకు చిమ్మిన బురద అడుగుభాగముననే పడును, కూర్చున్నవారి వీపు అక్కడనే ఆనును. ఆ మరకలను ఎరుపు దాచును. ఇంకొక మేలును కూడ గుర్తింపవలెను. పూర్వము పని అంతయు నేలమీదనే జరిగెడిది. నేలమీద కూర్చున్నవాని కంటికి ఎదురుగా ఉండునది ఆ ఎర్రపట్టీయే. పైగోడ తెలుపు వెలుగు నిచ్చును, కంటియెదుటి జాజు మిరుమిట్లు లేకుండ చేయును. నేడు మనము కుర్చీలెక్కితిమి. కన్ను పైకి వచ్చినది. కంటియెదుట ఉండవలసిన నిదానపు రంగును మాత్రము క్రింద విడిచి వచ్చితిమి.

ఇక మగ్గపు సావడిలోనికి పోవుదము. పూర్వము నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న పుట్టపాక గ్రామము తేలియా రుమాళ్లకు పేరుపొందినది. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించెను. నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిద నీటిలోను అనేక దినములు నానబెట్టి, మడతలు కట్టి ఎరుపు, నలుపు అద్ది, అద్దని చోట తెలుపు నిలిపి నేయు వస్త్రమిది. పడుగులోని రంగు చోటు పేకలోని రంగు చోటుతో సరిగా కలియవలెను. ఒక నూలుపోగు జరిగినను బొమ్మ చెదరును. ఇట్టి పని చేయువాని కంటికి ఎదుటి గోడ తన రంగును అప్పు పెట్టరాదు. పచ్చని గోడ తెల్లని నూలుపై పచ్చదనమును చల్లును, ఎర్రని గోడ ఎరుపును చల్లును. తెలుపో, తెలుపునకు దగ్గరి బూడిదవన్నెయో గల గోడ మాత్రమే సాక్షివలె ఏ పక్షము వహింపక నిలుచును.

ఒక రంగు ప్రక్కరంగును మార్చివేయుననుటను శాస్త్రీయముగా నిరూపించినవాడు ఫ్రెంచి రసాయనికుడు షెవ్రూల్. 1824లో ఆయన పారిస్ నగరములోని గోబెలిన్ తివాచీల కర్మాగారములో అద్దకపు శాఖకు అధిపతి యయ్యెను. అక్కడి నల్లదారము కొన్ని నేతలలో వెలవెలబోవుచున్నదని ఫిర్యాదులు వచ్చెను. దారమును పరీక్షింపగా దానిలో లోపము కనబడలేదు. ప్రక్కనున్న నీలి, ఊదా రంగులవలన కన్ను భ్రమపడుచున్నదని ఆయన తేల్చెను. 1839లో ఈ విషయముపై ఆయన వెలువరించిన గ్రంథము చిత్రకారులకును ప్రమాణమయ్యెను.

వైద్యులకును ఈ సత్యము ఉపకరించినది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున హ్యారీ షెర్మన్ అను శస్త్రవైద్యుడు 1914లో తన శస్త్రచికిత్స గదికి పాలకూరవంటి ఆకుపచ్చ వేయించెను. ఎర్రని రక్తమును చూచిచూచి తెల్లని గోడవైపు త్రిప్పిన కన్ను మిరుమిట్లు గొనును, దానిపై ఆకుపచ్చని నీడలు ఆడును. గోడయే ఆకుపచ్చ అయినచో కన్ను ఊరటపొందును. నేడు ఆసుపత్రులలో మనము చూచు ఆకుపచ్చ వస్త్రముల వెనుక ఉన్న తర్కమిదే. నేతగానికి తెలుపు మంచిదైన కారణమే శస్త్రవైద్యునికి తెలుపు చెడ్డదగుటకును కారణమైనది. రెండు చోట్లను నిర్ణయించినది పనియే.

ఈ మాటలు నాకు గ్రంథములవలన తెలియుటకు ముందే ఒక కొట్టులో తెలిసినవి. మా మేనమామ పెద్దవూరలో దర్జీ పని చేసెడివారు. రోడ్డువైపునకు తెరచిన ఒక్క గది, వెనుకగోడకు చిన్న కిటికీ. ఏటేటా సున్నము వేసెడివారు. ఒక దసరాకు కొట్టు కళకళలాడవలెనని ముదురు నీలి నూనెరంగు వేయించిరి. చూచినవారందరు మెచ్చుకొనిరి. పదునైదు దినములు గడువకముందే సాయంత్రము నాలుగింటికే దీపము వెలిగింపవలసి వచ్చెను. నిగనిగలాడు గోడలో ఆ దీపము అద్దములోవలె మెరసి కండ్లలో పొడిచెడిది. ఒకనాడు ఒక ఆమె కుట్టిన రవికతో తిరిగివచ్చి, "ఏందన్నా, ఇక్కడ చూస్తే దారం రంగు కలిసింది, ఎండల చూస్తే వేరే ఉన్నది" అన్నది. మామయ్య ఆ రవికను వాకిట నిలిచి చూచి, ఏమియు అనక కుట్లు విప్పుటకు కూర్చుండిరి. ఆమె వెళ్లిన పిదప నావైపు తిరిగి, "గోడ నా కండ్లను మోసం జేసింది, అల్లుడా" అనిరి.

నూనెరంగుమీద సున్నము నిలువదు. కావున రంగునంతయు గీకించిరి. రెండు దినములు తలుపు దగ్గరకు వేసి గీకిరి. నీలిపొడి గదినిండ లేచెను. పిల్లవాడనైన నేను ఆ పొడిలోనే కూర్చుండి గోడపై వ్రేలితో బొమ్మలు గీచితిని. ఆ పొడిలో ఏమి ఉండవచ్చునో మాలో ఎవరికిని తెలియదు.

రంగుల చరిత్రలో చీకటి ప్రకరణము ఇచ్చటనే కలదు. 1775లో స్వీడను రసాయనికుడు షీలే రాగిని, పాషాణమును కలిపి ఒక సొగసైన ఆకుపచ్చను కనుగొనెను. అదియు, తరువాత వచ్చిన అట్టివే మరికొన్ని ఆకుపచ్చలును 19వ శతాబ్దమున ఐరోపాలోని ఇండ్ల గోడకాగితములపైకి ఎక్కెను. తేమ తగిలి బూజు పట్టినప్పుడు వానినుండి విషవాయువు వెలువడెడిది. సీసము ఇంకను మోసకారి. తెల్లరంగునకు, పసుపురంగునకు దానిని చిరకాలము వాడిరి. రంగు ఎండుటకును అది తోడ్పడును. కాని గోడ గీకినప్పుడు పొడియై ఊపిరిలోనికి, పిల్లల నోటిలోనికి పోవును. లేత మెదడునకు అది చేయు హాని మరల సరిదిద్దరానిది. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ భవనముల లోపలి గోడలకు తెల్లసీసము వాడుటను నిషేధించు ఒడంబడికను ఆమోదించెను. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చెను. రెంటికిని నడుమ తొంబది యేండ్లకు పైగా గడచినవి. ఆ నడుమ వేసిన రంగులు నేటికిని ఎన్నో గోడలపై, కిటికీ చట్రములపై ఉన్నవి. కనుక పాత నూనెరంగును పొడిగా గీకింపకుడు. నీటితో తడిపి గీకి, ఆ వ్యర్థమును మూటగట్టి పారవేయింపుడు. ఆ పని ముగిసి గదిని తడిగుడ్డతో తుడుచువరకు పిల్లలను, గర్భిణీలను దూరముగా ఉంచుడు. గీకు మనిషి ముక్కునకు మంచి ముసుగు ఉండునట్లు చూచుట యజమానుని బాధ్యత.

ఇంతకును పనిగదికి ఏ రంగు? అంతర్జాతీయ ప్రకాశ సంఘము 2001లో ప్రకటించిన ప్రమాణములు మన పెద్దల ఆచారమునకు దూరముగా లేవు. పడిన వెలుగులో పైకప్పు నూటికి 60 నుండి 90 పాళ్లు, గోడలు 30 నుండి 80, పని జరుగు బల్ల 20 నుండి 60, నేల 10 నుండి 50 తిరిగి ఇచ్చుట మేలని అవి చెప్పుచున్నవి. అనగా పైకి పోవుకొలది లేత, క్రిందికి దిగుకొలది ముదురు. సున్నపు గోడ, జాజు పట్టీ, నల్లరాతి నేల ఉన్న ఇంటిలో ఈ మెట్లు పూర్వమే ఉన్నవి.

దీనినుండి ఇంటిలో పనిచేయువారు కొన్ని సంగతులు గ్రహింపవచ్చును. వెలుగు చాలని గదికి తెలుపో, మీగడవన్నెయో తగును. పడమటి ఎండ నేరుగా పడు గదిలో తళతళలాడు తెలుపు కంటిని బాధించును. అక్కడ లేత బూడిదవన్నెయో, లేత ఆకుపచ్చయో మేలు. కంప్యూటరు ముందు కూర్చుండువారు తెర వెనుకనున్న గోడకు నిగనిగలేని నిదానపు రంగు వేసికొనవలెను. కిటికీ తెరకు ఎదురుగాగాని వెనుకగాగాని కాక, ప్రక్కగా ఉండవలెను. బట్టలు, రంగులు చూచి ఎంచవలసినవారికి మాత్రము గోడకు రంగు లేకుండుటయే మంచిది. ముదురు రంగుపై మనసుపడినవారు దానిని తమ వీపు వెనుకనున్న గోడకు వేసికొనవచ్చును. వచ్చినవారు మెచ్చుకొందురు, పనికి చెరుపు రాదు.

చివరగా ఒక చిన్న ఉపాయము. దుకాణములో చూపు అట్టముక్క అగ్గిపెట్టెంత ఉండును. దానిని చూచి గదినంతటిని నిర్ణయింపకుడు. మూరెడు అట్టకు ఆ రంగు పూసి, మీరు పనిచేయు చోట గోడకు ఆనించి, ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి, దీపము పెట్టిన పిమ్మట ఒకసారి చూడుడు. దాని ప్రక్కనే మీరు నిత్యము చేయు పనిని ఉంచుడు. కాగితమైన కాగితము, నూలైన నూలు, పిల్లవాని పుస్తకమైన పుస్తకము. మా మామయ్య ఆ దసరా తరువాత జీవితాంతము ఆ కొట్టునకు సున్నమే వేయించిరి. నల్లబట్టమీద నల్లదారముతో కుట్టవలసి వచ్చినప్పుడు మాత్రము మిషనును వాకిలి దగ్గరకు జరుపుకొని కూర్చుండెడివారు.