ఒక్క ముక్కకు పది ముక్కలు

2013 మొదట్లో ఓ మామూలు రోజు. ఫేస్‌బుక్ డేటా గిడ్డంగిలో వేల యంత్రాల మధ్య ఒకటి పలకడం మానేసింది. ప్రతి యంత్రమూ కొన్ని సెకన్లకోసారి 'బతికే ఉన్నాను' అని పెద్ద సర్వర్‌కు కబురు పంపాలి. ఆ కబురు రాలేదు. నిమిషం. ఐదు. పది. రీస్టార్ట్ అవుతోందేమో, కాసేపట్లో తిరిగొస్తుందేమో! పదిహేను నిమిషాలు దాటాయి. ఇక లాభం లేదని సాఫ్ట్‌వేరే తేల్చేసి మరమ్మతుకు దిగింది.

లోపలి సమాచారం పోయినట్టేనా? లేదు. 1960లో ఎంఐటీ లింకన్ ల్యాబ్‌లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ కట్టిన లెక్క దానికి కాపలా. సమాచారాన్ని పది ముక్కలు చేసి, వాటి నుంచి మరో నాలుగు ముక్కలు పుట్టించి, పద్నాలుగింటినీ వేర్వేరు ర్యాకుల్లో పెడతారు. ఏ నాలుగు పోయినా మిగతా పదితో అంతా రాబట్టొచ్చు. మూడేసి కాపీలు దాచే పాత పద్ధతిలో ఒక టెరాబైట్‌కు మూడు టెరాబైట్ల చోటు కావాలి. ఇక్కడ 1.4 చాలు.

చోటు మిగిలింది సరే, ఖర్చు ఇంకో దారిన వచ్చిపడింది. పోయింది 256 మెగాబైట్ల ముక్క ఒక్కటే అయినా, దాన్ని మళ్లీ కట్టాలంటే పది యంత్రాల నుంచి పది ముక్కలు, అంటే 2,560 మెగాబైట్లు లాక్కురావాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పైగా మూగబోయే యంత్రాలు ఒకటా రెండా? మామూలు రోజున యాభైకి పైనే. ఒక్క మరమ్మతుల కోసమే ర్యాకుల మధ్య రోజుకు సుమారు 180 టెరాబైట్ల రాకపోకలు. తమాషా ఏమిటంటే, నాలుగు పోయినా తట్టుకునే ఏర్పాటు చేసుకుంటే, దెబ్బతిన్నచోట నూటికి 98 సార్లు పోయేది ఒక్క ముక్కే.

ఈ అంకెలు బయటపెట్టిన బృందంలో కె.వి. రశ్మి, నిహార్ షా ఉన్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో పి. విజయ్ కుమార్‌తో కలిసి ఇలాంటి లెక్కల (కోడ్‌ల) మీదే పనిచేసి, బర్క్‌లీ వెళ్లినవాళ్లు. 2014లో వాళ్ల బృందం తెచ్చిన 'హిచ్‌హైకర్' అనే పద్ధతి అదనపు చోటు అడగకుండానే ఆ రవాణాను 25 నుంచి 45 శాతం తగ్గించింది.

2018లో కథ మళ్లీ బెంగళూరు చేరింది. విజయ్ కుమార్ బృందం మేరీలాండ్ విశ్వవిద్యాలయం, నెట్‌యాప్ పరిశోధకులతో కలిసి 'క్లే' కోడ్‌ను ప్రకటించింది. ఇది పదింటిని కాదు, మిగిలిన పదమూడు యంత్రాలనూ అడుగుతుంది. కాకపోతే ఒక్కోదాని నుంచి పావు ముక్కే. మొత్తం 832 మెగాబైట్లు. ఎక్కువమందిని అడిగితే తక్కువలో పని జరగడం నాకైతే ఇప్పటికీ వింతే! చోటు పెంచకుండా, ఏ నాలుగు పోయినా తట్టుకుంటూనే ఇంతకన్నా తగ్గించడానికి గణితం ఒప్పుకోదు.

2019లో విడుదలైన సెఫ్ నాటిలస్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో క్లే చేరింది. సెఫ్ ఓపెన్ సోర్స్. కావలసినవాళ్లు ఉచితంగా దించుకోవచ్చు.